నాగేశం ఇంటి పక్క మలుపు

సిద్దిపేట కిరాయింట్లో అల్లుడు భరణి బల్ల మీద చిన్న రైలు పట్టాలు పరిచాడు. పక్కన మా ఊరి ఇళ్లన్నీ నేనే మట్టితో చేసి పెట్టాను.

మలుపులో ఇంజను మళ్లీ పడి, ఊళ్లో మా పక్కింటి నాగేశం గోడకు గీసుకుంది.

"మలుపు రెండు జానలన్నా లేకుంటే ఈ ఇంజను తిరగది మామా. పట్టా కొంచెం బయటికి జరపాలె. నాగేశం ఇల్లు తీసేద్దాం."

"దానిమీద చెయ్యి వెడ్తె ఇరగ్గొడ్త!"

"గా గోడ పంచాయితీల ఆయనతోని నీకు మాటల్లేవు గద? సంబురపడ్తవనుకున్న."

ఒళ్లు మండింది. "మాటల్లేవు. సచ్చేదాంక ఉండయి. అయితే వాని ఇల్లు తియ్యనీకి నువ్వెవలు?"

"మరి రైలెట్ల తిరగాలె?"

"పొట్టి ఇంజను తెచ్చుకో. మలుపు గింతే ఉంటది."

భరణి నవ్వబోయి, నా మొహం చూసి ఆగాడు. ఇంజను డబ్బాలో పెట్టేశాడు.

నేను వేలు తడిచేసి నాగేశం గోడను అలికాను. నేను కొట్లాడింది ఆ గోడ కోసమే.

రిజర్వాయరు కట్టేటప్పుడు కూడా కొలిచినవాళ్లు ముంపు గీత కొంచెమే జరుపుతున్నామన్నారు. నా ఇల్లూ నాగేశం ఇల్లూ ఒకేరోజు మునిగాయి.