తిట్టుకో బిగింపు

"నేను తిడుతుంటే పెదాలు కదుపుతావేం? శాపనార్థాలా?" అంటూ అత్తగారు తడిబట్టల బకెట్టుని కాలితో కోడలి వైపు నెట్టింది.

ఒళ్ళో చంటిదానికి పాలిస్తున్న కోడలు తలెత్తలేదు. "అంకెలు లెక్కపెడుతున్నా."

"నా తిట్లకి లెక్క కూడానా?"

"నర్సు చెప్పింది. కాన్పయ్యాక, మూత్రం ఆపుకున్నట్టు కింది కండరాలు బిగించి, కాసేపు లెక్కపెట్టి వదలాలట. అవి వదులైపోతే ముందు ముందు గర్భసంచి జారుతుందట. మీరెలాగూ పూటపూటా తిడతారు. అప్పుడు చేస్తే మరిచిపోనని."

అత్తగారికి ఒళ్ళు మండింది. "మేం కనలేదూ? పచ్చి బాలింతని, వారం తిరక్కుండా నీళ్ళు మోశాను. నాకేం జారింది?" అంటూ బకెట్టుని విసురుగా లేపింది.

సగంలోనే దించేసింది. ఒక చెయ్యి గోడని పట్టుకుంది. ఇంకో చెయ్యి పొత్తికడుపు కిందకి పోయింది.

ఈవిడ బకెట్లని కాలితో ఎందుకు నెడుతుందో, తుమ్మొస్తే కాళ్ళెందుకు మెలేసుకుంటుందో, ఏ పెళ్ళికి పిలిచినా రానని ఎందుకు మొండికేస్తుందో కోడలికి అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

"నీ మొగుడు పుట్టినప్పటి నుంచి. వాడి చెవిన వేశావంటే నాలుక కోస్తా."

"వెయ్యను. డాక్టరుకి చూపిద్దాం."

"చూపిద్దువుగాని." అత్తగారు స్టూలు లాక్కుని కూర్చుంది. చూపులో మంట మాత్రం తగ్గలేదు. "అంతదాకా నువ్వు తిట్టు. నేను బిగిస్తాను."