ఒక కంచం తక్కువ

కూతురు కూరగిన్నె మూత తీసినప్పుడల్లా ఆవిడ మళ్ళీ పెట్టేస్తోంది.

"ఉడుకు పట్టింది కదమ్మా, ఇక స్టవ్ ఆపెయ్. గిన్నెకి తువ్వాలు చుట్టి పెడితే ఆ వేడికే మగ్గిపోతుంది. గ్యాసూ కలిసొస్తుంది."

పొద్దున్నే తండ్రి ఆవిడని వెంటబెట్టుకొచ్చాడు. "అమ్మాయ్, ఈవిడ..." అని చెప్పబోతే కూతురు "తెలుసులే నాన్నా" అని తుంచేసింది.

తెలియకేం? నాన్న పార్కులో ఎవరో ఆవిడతో కూర్చుని కబుర్లు చెబుతున్నాడని పక్కింటి పిన్నిగారు ఎప్పుడో చెవిన వేసింది. అమ్మ పోయి ఏడాది తిరగలేదు. అమ్మ లేని మొదటి పండగ. అప్పుడే అమ్మ వంటింట్లో కొత్త పెత్తనం!

"మా అమ్మ ఇలాంటి పిసినారి వంట ఎప్పుడూ చెయ్యలేదండీ" అంది కూతురు. "ఇది మా అమ్మ స్టవ్."

ఆవిడ ఏదో అనబోయి ఊరుకుంది.

అలా ఊరుకోవడం చూసి కూతురికి ఇంకా ఒళ్ళు మండింది. కావాలనే రెండు బర్నర్లూ పెద్దమంట మీద పెట్టింది. ఖాళీ ఓవెన్ ఆన్ చేసింది. ఆవిడ చేతిలోని తువ్వాలు లాక్కుని బకెట్లో పడేసింది. అడుగంటిన వాసన వస్తున్నా మంట తగ్గించలేదు. మాడితే మాడనీ, ఈవిడ ముందు మాత్రం తగ్గేది లేదు.

"నేను చూస్తుంటాను, నువ్వు కాసేపు కూర్చో తల్లీ."

"అక్కర్లేదు."

భోజనాల వేళకి బల్ల మీద కంచాలు పెట్టింది. నాన్నకి, భర్తకి, పిల్లకి, తనకి. అమ్మ కుర్చీని గోడవైపు తిప్పేసింది.

"ఇంకో కంచం?" అన్నాడు భర్త గొంతు తగ్గించి.

"ఇంట్లోవాళ్ళకి సరిపోయాయి" అంది, ఆవిడకి వినబడేలా.

ఆవిడ చేతులు కడుక్కుని చెప్పులు వేసుకుంది. కూతురి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, వెళ్ళిపోయింది. తండ్రి వెనకే పరుగెత్తాడు.

కూతురు మాడు కూరే వడ్డించుకుని, కసితీరా తినసాగింది.

తండ్రి ఒక్కడే తిరిగొచ్చాడు.

"బస్సెక్కించావా? మళ్ళీ రాదుగా?"

"రాదు." తండ్రి గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఆస్పత్రిలో ఆవిడది మీ అమ్మ పక్క మంచం. నువ్వొచ్చేసరికే ఆవిడని ఇంటికి పంపేశారు."

కూతురు చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసింది.

"ఆవిడ ఇంటికి వెళ్ళే ముందు మీ అమ్మ మాట తీసుకుంది... 'పండగపూట మా అమ్మాయి వంటింట్లో ఒంటరిదైపోతుంది, నా బదులు నువ్వు దాని పక్కన నిలబడాలి' అని."