పడటం నేర్పిన మేడం

మార్తమ్మ మేడం పోయిన రోజున, విశ్వవిద్యాలయంలో పడటం నేర్పే మనిషి లేకుండా పోయింది. పిల్లలంతా పడనివ్వని కోట్లు తొడుక్కుని పెరిగే కాలమది. కాలు జారితే కోటే బిగుసుకుని నిలబెట్టేది. స్నానానికి విప్పినప్పుడు జారితే మాత్రం ఎముకలు విరిగేవి. అందుకే కాబోయే వ్యాయామ టీచర్లకు మేడం మొదటి పాఠంగా పడటం నేర్పేది.

ఇక ఆ పాఠం తీసేద్దామన్నారు విభాగం పెద్దలు. ఆమె శిష్యురాలు ఫిరోజా ఒక్క క్లాసు అడిగి తీసుకుంది.

"పడుడు గూడ సదువేనా అక్కా?" అన్నాడు ఆ క్లాసులోని సైదులు, కోటు గుండీ వదలకుండా.

"ఈ మాట మేడం ముందల ఎందుకు అనకపోయినవ్?" అంది ఫిరోజా.

"అంటే ముందుగాల నన్నే పడేస్తుండె."

అందరూ నవ్వారు. ఫిరోజా కూడా నవ్వింది, చాలా రోజుల తర్వాత. మేడం ఏనాడూ తాను పడకుండా ఎవరినీ పడమనలేదు. ఫిరోజా కూడా కోటు విప్పి, గడ్డం గుండెకు ఆనించి, భుజం మీదుగా గడ్డిలో దొర్లి లేచింది. సైదులు కూడా కోటు విప్పాడు. కళ్లు మూసుకుని ముందుకు ఒరిగాడు, దొర్లాడు, లేచి కూర్చున్నాడు.

"ఇంకోపారి పడతనక్కా."

పెద్దలు ఇక తీసేద్దామనలేదు, పాఠం నిలిచింది. ముందుకూ పక్కకూ పడటం ఆ ఏడాది అందరికీ వచ్చింది. వెనక్కి పడటం మేడం ఫిరోజాకు నేర్పలేదు. అది ఇంకా ఎవరికీ రాదు.