ఊరుమ్మడి పరీక్ష

"వదినా, టీచరమ్మను తీసుకుపోతారట!"

ఒలింపియా రొప్పుతూ పాకలోకి వచ్చేసరికి డొమితీలా పెండలం కల్లు వడగడుతోంది. ఆ మాట వినగానే చేతిలోని సొరబుర్ర పక్కన పెట్టేసింది.

"ఎవరన్నారే?"

"ఇందాక పడవ దిగాడుగా, టీచర్లను పంపే సంస్థాయన, ఎస్కోబెడో. బడి వెనకాల ఆయనా టీచరమ్మా మాట్లాడుకుంటుంటే విన్నాను. ఆ పిల్ల ఏడుస్తోంది."

డొమితీలా ఊరికి పెద్ద. డెబ్బై దాటినా నడకలో జోరు తగ్గలేదు. కల్లుకుండ అలాగే వదిలేసి బడివైపు బయల్దేరింది.

అడవిలో ఏటి ఒడ్డునున్న వాళ్ల ఊరు యాకుసీసాలో బయటి దేశపు టీచరు ఉన్నన్నాళ్లూ రంపాల పడవ ఒడ్డుకు రాదు. ఆ టీచరు ఒక్క ఫొటో తీసి పంపితే ఎక్కడెక్కడో గొడవవుతుందని దొంగకలప వాళ్లకు దడ. ఒకసారి ఒక టీచరు వెళ్లాక ఇంకొకరు రావడం ఆలస్యమైంది. ఆ సందులోనే ఎడమ ఒడ్డున తాతలనాటి బూరుగు చెట్లు కూలిపోయాయి. నలుగురు చేతులు చాపినా చుట్టుకు రాని మానులు. అవి పడ్డప్పుడు నేల అదిరిన అదురు డొమితీలా పాదాల్లో ఇప్పటికీ ఉంది.

అందుకే ఇప్పటి టీచరమ్మ ఎయిలీన్‌ను చూసినప్పుడల్లా ఆమెకు ఆశ్చర్యం. ఐర్లండ్ నుంచి వచ్చిన పిల్ల. గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంటుంది. సాలీడు కనబడితే బల్లెక్కుతుంది. అలాంటి పిల్ల ఒడ్డున నిలబడి పళ్లు తోముకుంటుంటే, అంత పెద్ద ఇనప పడవ తల తిప్పుకుని వెళ్లిపోతుంది!

బడి దగ్గర ఎస్కోబెడో డొమితీలాను చూడగానే స్పానిష్‌లో అందుకున్నాడు.

"పెద్దమ్మా, మా పద్ధతి చెబుతాను, ఏమీ అనుకోవద్దు. నేర్చుకోవడం అయిపోయిన ఊరికి టీచరు అక్కర్లేదు. ఎన్నాళ్లు చెప్పినా నేర్చుకోని ఊరికి టీచరు దండగ. మీది రెండో రకం. ఇంతమంది వచ్చి వెళ్లారు, ఒక్కరికైనా ఒక్క ఇంగ్లీషు ముక్క వచ్చిందా?"

"వాళ్లు కష్టపడుతున్నారు సార్," అంది ఎయిలీన్ కళ్లు తుడుచుకుంటూ. "ఒక్కరు కూడా క్లాసు మానరు. నాకే చెప్పడం రావట్లేదేమో."

"నీ తప్పేం లేదమ్మా. రేపు పొద్దున ఇంటికొకరిని పరీక్షిస్తాను. కాస్త కదలిక కనిపించినా చాలు, నువ్వు ఇక్కడే ఉంటావు. లేదంటే నాతో పడవెక్కుతావు."

సాయంత్రం డొమితీలా ఊరంతటినీ పిలిచింది.

"రేపటిది ఊరుమ్మడి పని. ఏ ఇల్లూ తప్పుకోవడానికి లేదు. అడవిలోంచి పడవ చెక్కే మాను లాగినట్టే లాగాలి. ఒకడు వెనకబడితే మాను కదలదు. ఒకడు ముందుకురికితే తాడు తెగుతుంది. అందరి అడుగూ ఒక్కటే."

"ముందుకురికే మొనగాళ్లు ఎవరున్నార్లే వదినా ఇక్కడ!" అంది ఒలింపియా. అందరూ ఘొల్లుమన్నారు. డొమితీలా నవ్వలేదు.

మర్నాడు పరీక్ష మొదలైంది. పడవలు చెక్కే గాలోను పేరు అడిగితే తన కుక్క పేరు చెప్పాడు. ఒలింపియా అంకెలు మొదలుపెట్టి, మధ్యలో ఏడును మింగేసి, పది దగ్గర ఆగి తనకు తానే చప్పట్లు కొట్టుకుంది. ఆ తర్వాత లేచినవాళ్లు నేల చూపులు చూశారు.

ఎస్కోబెడో పక్కకు వంగి ఎయిలీన్‌తో ఇంగ్లీషులో రెండు ముక్కలన్నాడు. ఆమె మొహం పాలిపోయింది.

ఆ ముక్కలు డొమితీలా చెవినా పడ్డాయి. వెంటనే లేచింది.

"నన్నడగలేదు మీరు. నేను చెబుతాను."

ఎయిలీన్ ప్రాణమంతా కళ్లలో పెట్టుకుని చూస్తోంది. ఒక్క మాట అటూ ఇటూ అయినా అడవి చేజారిపోతుంది. డొమితీలా గొంతు సవరించుకుంది.

"నా... పేరు... డొమితీలా," అంది ఇంగ్లీషులో, ఏట్లో రాయి మీంచి రాయి మీదికి అడుగేస్తున్నట్టు. "ఇది... నా... అడవి. చెట్టు... పెద్ద. నేను... చిన్న."

ఎస్కోబెడో కళ్లజోడు తీసేశాడు. కిటికీ అవతల మబ్బుల్లోకి లేచిన బూరుగు చెట్టును చూశాడు. దాని ముందు వేలెడంత కనిపిస్తున్న ముసలామెను చూశాడు.

"ఎన్నో ఊళ్లు తిరిగాను," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి. "ఈ వయసులో, ఇంత పట్టుదల... ఎక్కడా చూడలేదు. టీచరమ్మా, ఇంకో ఏడాది ఉండు."

ఎయిలీన్ పరిగెత్తుకొచ్చి డొమితీలాను వాటేసుకుని భోరుమంది.

ఎస్కోబెడో పడవ ఏటి మలుపు తిరిగిన కాసేపటికి, ఏటి దిగువ నుంచి ఇంకో ఇంజను మోత వినిపించింది. రంపాల పడవ. దగ్గరికొచ్చింది. ఒడ్డున ఎయిలీన్ చెయ్యూపుతోంది. మోత ఆగలేదు, అలాగే దూరమైంది. అది పూర్తిగా అణగాక, కప్పలూ పిట్టలూ కోతులూ ఒక్కొక్కటే గొంతు కలుపుతుంటే అడవి మళ్లీ ఊపిరి తీసుకున్నట్టయింది. ఎన్నిసార్లు విన్నా డొమితీలాకు ఒళ్లు జలదరిస్తుంది.

"ఏడాది గట్టెక్కాం వదినా," అంది ఒలింపియా.

"గట్టెక్కాం. ఆ పిల్లను చూస్తేనే జాలేస్తోందే. ఎంత మురిసిపోయిందో!"

"జాలిపడింది చాల్లే. రా, క్లాసుకు పిలుస్తోంది. మళ్లీ మొదటి అక్షరం నుంచి చెబుతుందట."

ఇద్దరూ వెళ్లి నేల మీద కూర్చున్నారు. ఎయిలీన్ ఒక్కో అక్షరం పలుకుతుంటే ఊరంతా నోళ్లు సాగదీసి, తడబడుతూ వెంట పలికింది.

ఊళ్లో ఇంగ్లీషు రాని మనిషి అప్పటికే ఒక్కరూ లేరు.