తువ్వాలు కొసన ముడి

అనంతపురం బస్సు ఆగీ ఆగకముందే కదిరమ్మ కిటికీలోంచి సీట్లోకి తువ్వాలు విసిరింది. మనవరాలు గౌతమికి తల కొట్టేసినట్టయింది. ఎముకల జబ్బుకు మందు కనిపెట్టే ల్యాబులో పనిచేస్తున్న పిల్ల, అవ్వ వంకర కాలు డాక్టరుకు చూపించడానికి వచ్చింది.

జనంలో పడి ఎక్కుతూనే అడిగింది అవ్వ, "మీ మందు ఏం చేస్తాది మే?"

"నీ ఎముకలో డి విటమిన్‌కు ఒక సీటుండాది అవ్వా. అందరికీ అది మంచిదే గానీ, నీ జబ్బులో అది కూర్చుంటే ఎముక అడ్డదిడ్డంగా పెరుగుతాది. మా మందు ముందే పోయి సీటు పట్టుకుంటాది."

"ఓస్, తువ్వాలేస్తాది! ఇంకేమి?"

"నిలబడల్యా. విటమిన్ వచ్చి లాగి పారేస్తాండాది. రెండేండ్లుగా ఇదే తంటా."

సీటు దగ్గర ఒక బొజ్జాయన తువ్వాలు లాగుతున్నాడు. అది రాలేదు. మళ్లీ లాగి, ఆయాసపడి, వెనక్కి పోయాడు.

కదిరమ్మ సీటు సందులో చెయ్యి పెట్టి తువ్వాలు కొస బయటికి తీసింది. ముడిలో తాడిపత్రి బండముక్క!

"ఉత్త తువ్వాలేస్తే ఎవురైనా తీస్తారు మే. తోకకు లావుగా ఏమన్నా కట్టాల."

గౌతమి టికెట్టు వెనక మందు అణువు బొమ్మ గీసింది. కాసేపు చూసి, దాని తోకకు ఇంకేదో తగిలించింది.

"ఏమే అది?"

"బండ."