సొంత అడుగు

యంత్రపు కాళ్లని నడిపే కొత్త సిస్టమ్ వచ్చాక తునిలో ఆ మరకాళ్లు పెట్టుకున్నవాళ్లందరూ ఒకేలా నడవసాగారు. కోలాటం నేర్పే ఆదినారాయణకి ఆ నడక అస్సలు నచ్చలేదు. ఏళ్ల తరబడి తన మరకాళ్లకి నేర్పిన అడుగులన్నీ పాత సిస్టమ్‌తో పాటు ఒక బయటి డ్రైవ్‌లో ఉన్నాయి. ఆ సాయంత్రం కోలాటం పోటీలో జట్టుకి ముందుండి ఆడాల్సింది ఆయనే.

కూతురు సుభాషిణి ఆ డ్రైవ్‌ని మోకాలి దగ్గర తగిలించి, కాళ్లు ఆపి మళ్లీ ఆన్ చేసింది. అవి కదల్లేదు.

"అప్‌గ్రేడ్ అయ్యాక బయటి డ్రైవ్‌ని ఒప్పుకోవడం లేదు నాన్నా," అంటూ సెట్టింగుల్లోకి వెళ్లి అనుమతి ఇచ్చింది. అయినా లాభం లేకపోయింది.

"పోనీలే తల్లీ, కూర్చునే తాళం వేస్తాను."

"ఉండు నాన్నా. ఈ పాత కేబుల్‌తో కరెంటు చాలడం లేదేమో."

ఆమె కేబుల్ మార్చింది. కుడికాలు మునుపటిలాగే కాస్త పక్కకి ఒరిగి లేచింది. ఆదినారాయణ గదిలో ఒక చుట్టు ఆడి, కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం ఆయన ఆట చూసినవాళ్లు చుట్టూ మూగారు. "ఏ మెకానిక్ చేశాడండీ?"

"మెకానిక్ కాదు, మా అమ్మాయి," అన్నాడాయన. అడగనివాళ్లకి కూడా ఆ మాట చెప్పుకుంటూ, చుట్టుదారిన ఇంటికి నడిచాడు.