శనివారం ప్రాక్టీసు

గంటలకు కట్టిన ఆరు తాళ్లలో రెండు ఖాళీగా వేలాడుతున్నాయి.

ఒకటి క్లెమెంట్‌ది, ఇంకోటి ఐడ్రిస్‌ది. మా ఊరి చర్చిలో నలభై ఏళ్లుగా ప్రతి పెళ్లికీ మాతో కలిసి గంటలు మోగించినవాళ్లు. ఇవాళ వాళ్లిద్దరి పెళ్లి, పట్నంలో, రిజిస్ట్రార్ ఆఫీసులో.

మాలో ఎవరికి పెళ్లయినా మిగతావాళ్లం గంటలు మోగించడం ఆనవాయితీ. పోయిన వారం పాస్టరును అడగడానికి వెళ్లాను.

"ఈ పెళ్లికి కుదరదు మేవిస్ గారూ. పైవాళ్లు ఒప్పుకోరు. మీరు మోగిస్తే మీ దగ్గరున్న గంటల గోపురం తాళంచెవి వెనక్కి తీసుకోవాల్సి వస్తుంది."

చెడ్డవాడు కాదు, కుర్రాడు. అయినా నాకు ఒళ్లు మండింది.

క్లెమెంట్ ఇంట్లో ఐడ్రిస్ అద్దెకుంటున్నాడనే ఊరంతా నలభై ఏళ్లు చెప్పుకుంది. వాళ్ల కుర్రతనంలో ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకున్నామని నిజం చెబితే జైలు. ఇప్పుడు చట్టమే సరేనంటే, మా గంటలకేం వచ్చింది?

"సరే, పెళ్లికి వద్దు. శనివారం రెండింటికి ప్రాక్టీసు పెట్టుకుంటాం."

"ప్రాక్టీసు మంగళవారం కదా?"

"ఈమధ్య మరీ అధ్వానంగా కొడుతున్నాం బాబూ. మంగళవారం ఒక్కటీ చాలట్లేదు."

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. తాళంచెవి మాత్రం అడగలేదు.

ఇవాళ శనివారం, రెండు కావస్తోంది. ఉన్నది నలుగురం. ఎవరి తాడు వాళ్లం పట్టుకున్నాం.

మెట్ల మీద బూట్ల చప్పుడు.

ముందు క్లెమెంట్, వెనకే ఆయాసపడుతూ ఐడ్రిస్. కొత్త సూట్లు, కోట్లకు తెల్ల గులాబీలు.

"పెళ్లికొడుకులకు ఇక్కడేం పనయ్యా? వెళ్లి కేకు కోసుకోండి," అన్నాను.

"మా తాళ్లు ఎవరు లాగుతారు, మీ తాతా?" ఐడ్రిస్ కోటు విప్పి మేకుకు తగిలించాడు. క్లెమెంట్ కూడా.

అరగంట మోగించాం. ఒక్క గంట కూడా తడబడలేదు. కింద రోడ్డు మీద జనం ఆగిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

ఆపేసరికి గుమ్మంలో పాస్టరు. మేకుకున్న కోట్లనూ వాటి పువ్వులనూ చూశాడు.

"ప్రాక్టీసు... అయిపోయిందా?"

అవునంటే చాలు, తాళంచెవి మా దగ్గరే ఉంటుంది. నేను నోరు తెరిచేలోపే క్లెమెంట్ అందుకున్నాడు.

"ప్రాక్టీసు నలభై ఏళ్లు చేశాం పాస్టరు గారూ. ఇవాళ్టిది పెళ్లి."

జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను.

ఐడ్రిస్ మళ్లీ తాడు అందుకున్నాడు.